ఎగిరి చూపించమన్న టైలరు

పోయిన నెల కడపలో మా పాపకు బడి యూనిఫాం కుట్టించడానికి వీధి చివరి టైలరు దగ్గరికి తీసుకుపోయాను. ఆయన టేపు తీసి, "కదలకుండా నిటారుగా నిలబడు పాపా" అన్నాడు. నా నోట్లోంచి మాట జారిపోయింది.

"ఒకసారి ఎగరమనండి."

ఆయన నన్ను ఎగాదిగా చూశాడు. "ఎగిరేదెందుకమ్మా?"

"ఏం లేదులెండి, అలవాటు" అని నవ్వేశాను. అప్పటికే మా పాప రెండుసార్లు ఎగిరేసింది.

నాకు ఆ అలవాటు చేసిన మనిషి కర్నూల్లో ఉండేవాడు. రెండేళ్ళ కిందట, రంజాను పండుగ అయిన వారానికి, మధ్యాహ్నం అన్నం తిని పడుకున్నవాడు మళ్ళీ లేవలేదని వాళ్ళ కొడుకు ఫోను చేశాడు. ఆయన పేరు ఇక్కడ రాయను. ఎందుకో ముందుకు పోయాక మీకే తెలుస్తుంది. మేము చాచా అనేవాళ్ళం.

నాది బేతంచెర్ల. మా నాయన బండల ఫ్యాక్టరీలో పాలిషు పని చేసేవాడు. నేను హైదరాబాదులో బొమ్మలు గీయడం నేర్చుకుని, అక్కడే కొన్నేళ్ళు వేరేవాళ్ళ కార్టూన్లకు చెట్లూ మేఘాలూ గీసి గీసి విసుగుపుట్టి కర్నూలుకు వచ్చేశాను. నాతోబాటు చదువుకున్న రమణ కూడా వచ్చాడు. నేను కథ రాసి బొమ్మలు గీస్తే, ఆ బొమ్మలను కంప్యూటర్లో కదిలించేది రమణ పని. మా సీమ పిల్లలు మా సీమ మాటల్లోనే మాట్లాడుకునే కార్టూన్ సీరియల్ ఒకటి తీయాలని మా ఇద్దరి పిచ్చి. బండల గనుల పక్కన ఒక ఊరు, ఆ ఊరి బడి, అందులో ఐదుగురు పిల్లలు. అంతవరకూ అనుకుని, పాతబస్తీలో ఒక మేడమీది గది బాడిగకు తీసుకున్నాం. కింద చాచా అంగడి. మెట్లు ఆ అంగడిలోంచే ఉండేవి. పైకి పోవాలంటే ఆయన మిషను పక్కనుంచి ఒదిగి పోవాల్సిందే.

చాచా బడి యూనిఫాంలు తప్ప ఇంకొకటి కుట్టేవాడు కాదు. పెళ్ళికొడుక్కి సూటు గుడ్డ తెచ్చినా వెనక్కి పంపేవాడు.

"పెద్దోల్లకు కుట్టేదాంట్లో ఏముండాది? కూర్చుంటారు, లేస్తారు. బస్, అంతే. పిల్లోల్లకు కుట్టల్లంటే గుండె ఉండల్ల" అనేవాడు.

నోట్లో ఎప్పుడూ గుండుసూదులు పెట్టుకుని ఉండేవాడు. అందుకని సగం మాటలు ఊఁ కొట్టడంతోనే గడిచిపోయేవి. పొట్టిగా ఊఁ అంటే సరేనని. సాగదీసి అంటే నీ మాట నేను నమ్మలేదని. ముక్కుతో అంటే, ఇంక నువ్వు లేచి పోవచ్చని. ఈ భాష మాకు వంటబట్టడానికి నెల రోజులు పట్టింది.

కొలతలు తీసుకునే పద్ధతి మాత్రం మొదటిరోజే చూశాను. పిల్లో పిల్లాడో వచ్చి నిలబడితే ఆయన టేపు ముట్టేవాడు కాదు.

"ఎగురు" అనేవాడు.

పిల్లలు బిత్తరపోయి అమ్మల మొహాలు చూసేవాళ్ళు.

"ఎగురప్పా! పైన కాకి కూర్చోనుండాది, పట్టుకో. ఆఁ, అట్ల! ఇప్పుడు వంగి చెప్పులు ఏసుకో. బస్సులో కమ్మీ పట్టుకున్నట్ల చెయ్యెత్తు. ఇంగ రాయి ఇసురు, నా మీదికి కాదప్పా, రోడ్డు మీదికి!"

ఇవన్నీ అయ్యాకే టేపు. నేను నవ్వు ఆపుకోలేక ఇదేం కొలత చాచా అని అడిగితే, సూదులు అరచేతిలోకి ఊసి చెప్పాడు.

"నిలబడినప్పుడు అందరు పిల్లోల్లూ ఒకటేనమ్మా. కదిలినప్పుడే ఎవురికి వాళ్ళు."

అప్పుడా మాట నాకు చెవికెక్కలేదు. ఎక్కి ఉంటే మాకు అంత అవమానం జరిగేది కాదు.

మా ఐదుగురు పిల్లల బొమ్మలూ హైదరాబాదులో ఒక కంపెనీకి పంపాం. ఆ సీరియల్ తీయడానికి వాళ్ళు ఒప్పుకుంటేనే మా గది నిలబడేది. నాలుగు రోజులకు అక్కడి మేడం ఫోను చేసింది. గొంతు మెత్తగానే ఉంది, మాటలు మాత్రం సూటిగా తగిలాయి.

"కళ్ళద్దాలవాడు తెలివైనవాడు, లావుగా ఉన్నవాడు తిండిపోతు, సన్నగా ఉన్నవాడు పిరికివాడు, రెండు జడల పిల్ల అల్లరిది. వీళ్ళందరినీ ఎప్పుడో ఎక్కడో చూసేశామండీ. నీడ పరీక్ష చేసి చూసుకున్నారా?"

నీడ పరీక్ష అంటే, బొమ్మ లోపల కళ్ళూ ముక్కూ రంగులూ ఏమీ లేకుండా మొత్తం నల్లగా నింపేయడం. ఉత్త నీడను చూసినా అది ఫలానా పిల్లాడని తెలిసిపోవాలి. తెలియకపోతే ఆ బొమ్మలో పస లేనట్టు. మూడు వారాల్లో మార్చి పంపండి, లేకపోతే వేరేవాళ్ళను చూసుకుంటాం అని ఆవిడ ఫోను పెట్టేసింది.

ఆ మధ్యాహ్నమే ఐదు బొమ్మలనూ నల్లగా నింపి ప్రింటు తీశాను. ఇంతలో కరెంటు పోయింది. పైగదిలో ఉక్క భరించలేక, కాగితాలు పట్టుకుని కిందికి దిగి, వాటితోనే విసురుకుంటూ చాచా అంగడి గడప మీద కూర్చున్నాను. ఆయన చెయ్యి చాచి కాగితాలు అడిగాడు. ఒకటొకటే తిప్పి, మళ్ళీ మొదటినుంచి తిప్పాడు.

"ఏందమ్మా ఇది, ఒకే పిల్లోన్ని ఐదుసార్లు గీసినావు?"

ఏడుపొచ్చినంత పనైంది. జరిగింది చెప్పాను. ఆయన సాగదీసి ఊఁ అన్నాడు. తర్వాత లేచి, మూలనున్న గోనెసంచి తెచ్చి నా ముందర కుమ్మరించాడు. అన్నీ బాగుచేయడానికి వచ్చిన యూనిఫాంలు. ఒకే తెలుపు, ఒకే నీలం.

"ఇవి కూడా అన్నీ ఒకటేనా? చూడు" అన్నాడు.

నేను చూశాను. నాకు చినిగిన గుడ్డలే కనిపించాయి. చాచా ఒక చొక్కా తీసి కాలరు నా ముక్కు దగ్గర పెట్టాడు.

"నమిలినాడు. లెక్కల సారు లోపలికి వస్తానే కాలరు నోట్లోకి పోతాది. అందుకే ఎడమ పక్కే నలిగుండాది చూడు. తల ఎప్పుడూ ఇట్ల వాల్చుకోనుంటాడు."

తల వాల్చి చూపించాడు. అరవై దాటిన ఆయన మొహంలో భయపడిన మూడో తరగతి పిల్లాడు కనిపించాడు.

తర్వాత ఒక నిక్కరు. వెనక అరిగిపోయి జల్లెడలాగా ఉంది. "బండల కుప్ప మీదనుంచి జారతాడు. వానికి మెట్లు దిగేది తెల్దు. యాడికి పోయినా జారే పోతాడు." ఇంకొక నిక్కరుకు ఎడమ జేబు ఊడిపోయి వేలాడుతోంది. "గోలీలాడే పాప ఒకతి ఉండాది, దాని తమ్మునిది ఇది. అక్క గోలీలన్నీ వీడే మోస్తాడు. బరువుకు ఒక పక్కకు ఒంగి నడుస్తాడు." చివర ఒక చొక్కా తీశాడు. దానికి గుండీలు ఒక్కటీ లేవు.

"వీడు కొట్లాటగాడా చాచా?" అన్నాను, నాకూ కొంచెం అర్థమవుతోందన్న ఉషారులో.

"కాదమ్మా. కొట్టినోని చొక్కా చంకలో చినుగుతాది. గుండీలు పోయినాయంటే వీన్ని ఎవురో పట్టుకోని గుంజినారు."

నేను కాగితం కోసం పైకి పరుగెత్తాను. కరెంటు వచ్చిందని, పోయి పని చేసుకుందామని రమణ అంటూనే ఉన్నాడు. నేను గడప మీదే కూర్చుని గీశాను. కాలరు నమిలేవాడు, జారేవాడు, జేబు బరువుకు ఒరిగేవాడు, గుండీల్లేనివాడు. కళ్ళూ ముక్కూ పెట్టలేదు. నీడలే గీశాను. చాచాకు చూపిస్తే పేరు పేరునా గుర్తుపట్టి చప్పట్లు కొట్టాడు.

ఆరోజునుంచి సాయంత్రం అసరు నమాజు చేసుకుని మెట్లెక్కి పైకి రావడం ఆయనకు వాడుకైంది. చేతిలో టీ గ్లాసు, మెడలో టేపు. మా గోడ నిండా స్టోరీబోర్డు ఉండేది. అంటే కథను మాటలతో కాకుండా, వరసగా చిన్న చిన్న గళ్ళలో బొమ్మలుగా గీసి అంటించేది. ఆయనకు తెలుగు చదవడం రాదు, ఉర్దూ మాత్రమే. అందుకని బొమ్మల కింద మేము రాసిన మాటలు ఆయనకు లేనట్టే. బొమ్మలో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు.

"ఈడ వీడు ఏడస్తాండాడా నవ్వుతాండాడా?"

"ఏడుస్తున్నాడు చాచా, కింద రాసినాం కదా."

ముక్కుతో ఊఁ. అంతే, ఆ గడి చించేసి మళ్ళీ గీయాల్సిందే. రమణ మొదట్లో గొణిగేవాడు. "మనం ఎవరికి తీస్తున్నాం, కంపెనీకా, టైలరుకా?" అని. రెండోవారానికి వాడే ఐదు కాగానే మెట్లవైపు చూసేవాడు.

రమణ ఒకసారి ఆయనను ఏడిపిద్దామని అడిగాడు. "చాచా, మా పిల్లలందరికీ ఒకే యూనిఫాం వేసేసినాం. గీసేది సులువని. మీకు కోపం రాలేదా?"

"యాల కోపం? నేను నలభై ఏండ్లుగా చేసే పని అదే కదప్పా. అందరికీ ఒకే గుడ్డ ఏసి, ఎవురికి వాళ్ళను కనపడేట్ల చేసేది."

అట్లా నలుగురు పిల్లలు కుదిరారు. ఐదో పిల్ల గౌరి దగ్గర బండి ఆగింది. గౌరి మా కథానాయిక. తన బొమ్మను మాత్రం నేను మార్చలేదు. ఇస్త్రీ చెదరని చొక్కా, నలగని స్కర్టు, పెదాల మీద ఎప్పుడూ నవ్వు. మంచి పిల్ల. చాచా ఆ బొమ్మ ముందర చానాసేపు నిలబడ్డాడు. టీ చల్లారిపోయింది.

"ఈ పాపకు ఏమైంది?"

"ఏం కాలేదు చాచా. మంచి పిల్ల. అందరికీ సాయం చేస్తాది."

"గుడ్డలు యాడా నలగలేదే."

"శుభ్రంగా ఉంటాది."

"నాకు భయమేస్తాది బేటీ, ఇట్లాటి పిల్లోల్లను చూస్తే" అన్నాడు. తర్వాత కుర్చీలో కూర్చుని మా వెనక సందులో ఉండే ఒక పాప సంగతి చెప్పాడు.

ఆ పాపకు తొమ్మిదేళ్ళు. అమ్మానాన్నలు ఆత్మకూరు దగ్గర పల్లెలో కూలి పనులు చేసుకునేవాళ్ళు. చదువు బాగుంటుందని పాపను కర్నూల్లో మేనత్త ఇంట్లో ఉంచారు. రెండేళ్ళుగా జూన్లో వచ్చి కొత్త కొలతలు ఇచ్చిపోతుంది. నడుమ ఒక్కసారి కూడా ఆ పాప గుడ్డ బాగుకు రాలేదు. కొలతలప్పుడు ఎగరమంటే ఎగరదు. చెయ్యెత్తమంటే భుజం దాకా ఎత్తి ఆపేస్తుంది.

"ఎందుకమ్మా అంటే, గుడ్డ చినుగుతాది తాతా అనింది. అత్త చెప్పిందంట, సంవత్సరమంతా ఇదే రావల్ల, జాగ్రత్త అని. అత్త చెడ్డది కాదు, ఆమె కష్టం ఆమెది. పాప మాత్రం బడి వదిలే టైములో మెట్టు మీద కూర్చోనుంటాది. పిల్లోల్లంతా ఎగురుతాంటే చూస్తా. ఆడుకుంటే చినుగుతాది కదా."

నేను ఆ రాత్రికి గౌరిని మార్చేశాను. కొత్త కథ రాశాను. యూనిఫాం చినుగుతుందని ఆడుకోని పిల్ల, ఆ ఊళ్ళో ఒక టైలరు తాత. చివర్లో ఆ తాత గౌరికి కొత్త జత కుట్టి ఇస్తాడు, గౌరి నవ్వుతుంది. మరుసటిరోజు బొమ్మలు గోడకు అంటించి, చాచా కళ్ళలో నీళ్ళు తిరుగుతాయని ఎదురుచూశాను. ఆయన చివరి గడి దాకా వచ్చి కోపంగా వెనక్కి తిరిగాడు.

"కొత్త జత ఇస్తే దాన్ని ఇంకా భద్రంగా దాచుకుంటాది కదమ్మా పిచ్చిదానా! అది కూడా చినగకుండా చూసుకోవల్ల, పాపం. ఒక బరువుకు రెండు బరువులు చేసినావు."

"మరి తాత ఏం చేస్తాడు?"

"నాకేం తెలుసు?" అని దిగిపోయాడు.

రెండు రోజులు పైకి రాలేదు. మెట్లు దిగుతూ చూస్తే, నోట్లో సూదులతో మిషను తొక్కకుండా ఊరికే కూర్చుని ఉన్నాడు. మాకు మిగిలింది ఆరు రోజులు. రమణ నన్ను చూసి తల పట్టుకున్నాడు. "పాత గౌరినే పంపేద్దాం" అన్నాడు. మూడోరోజు పొద్దున మేము ఉగ్గానీ తింటూ ఉండగా చాచా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చాడు.

"పందెం!" అన్నాడు.

"ఏం పందెం?"

"తాత పందెం కాస్తాడు. ఆ పాప చొక్కాకు చంకలో గట్టి గుడ్డ ముక్క ఏసి, రెండు కుట్లు కుట్టి ఇస్తాడు. ఇది చించేది నీతో కాదు పో, చించినావంటే నేనే ఓడిపోయినట్ల, అంటాడు. ఇంగ చూడు, ఆ పాప ఊరుకుంటాదా?"

రమణ చేతిలో మిరపకాయ బజ్జీ అట్లాగే ఉండిపోయింది. "తాత ఓడిపోతే?" అన్నాడు.

చాచా కుర్చీలో కూలబడ్డాడు. "జీవితమంతా పిల్లోల్లను ఎగరమన్నాడు కదా. వీధిలో నిలబడుకోని పదిసార్లు వాడే ఎగరల్ల."

మేము ఆ కథ గీసి, ఐదుగురు పిల్లల నీడలతో సహా గడువులోపలే పంపించాం. జవాబు కోసం కాచుకుని ఉన్న రోజుల్లో కింద అంగడిలో ఇంకొకటి జరుగుతోందని మాకు తెలియదు. చాచా నిజంగానే ఆ పాప ఇంటికి పోయి, మేనత్తతో మాట్లాడి, చొక్కా తెప్పించుకుని, చంకల్లో గట్టి ముక్కలు వేసి ఇచ్చి వచ్చాడు. పందెం కూడా కాశాడు. మేనత్తకు మాట కూడా ఇచ్చాడట, ఏది చినిగినా బాగుచేసే పూచీ తనదని.

ఒక శనివారం మధ్యాహ్నం వీధిలోంచి కేక వినిపించింది.

"సాయబు తాతా! ఓడిపోయినావు!"

కిటికీలోంచి చూశాం. అంగడి ముందర ఒక సన్నటి పిల్ల. మోచేతులకు మట్టి, జడ ఊడిపోయి ఉంది. స్కర్టు అంచు జానెడు చినిగి కాళ్ళ దగ్గర వేలాడుతోంది. వెనకాల బడిపిల్లలు పదిమంది దాకా ఉన్నారు. చాచా బయటికి వచ్చి ఆ చినుగును రెండు వేళ్ళతో పట్టుకుని, ఏదో దొరికిన నగను చూసినట్టు చూశాడు.

"యాడ చినిగింది?"

"గోడ దూకినా. బండ అంచు తగులుకునింది."

"అరే! నేను చంక చూసుకున్నా, అంచు మర్చిపోయినానే!" అన్నాడు. అప్పుడు నవ్వాడు చూడండి, సూదులన్నీ రాలిపోయాయి. తల పైకెత్తి మా కిటికీవైపు చూసి అరిచాడు. "చినిగింది బేటీ! చినిగింది!"

పాప మాత్రం నవ్వలేదు. చేతులు కట్టుకుని, "ఎగురు మరి" అనింది.

చాచా లుంగీ పైకి ఎగ్గట్టాడు. పాప ఒకటి, రెండు అని లెక్కపెట్టింది. ఆటోవాళ్ళు ఆగారు. ఎదురుగా పండ్లబండి ఆవిడ అరటిగెల కిందపెట్టి చూసింది. నాలుగు దాకా బాగానే ఎగిరాడు. ఏడోదానికి మోకాలు పట్టేసింది. పిల్లలకు జాలేసి, "చాల్లే తాతా" అన్నారు. మోకాలు పట్టుకుని రొప్పుతూ, "పందెం పందెమే" అని మిగతా మూడూ పూర్తిచేశాడు. అవి నేలకు నాలుగు వేళ్ళ ఎత్తు లేచి ఉంటాయో లేదో. నేను పైనుంచి గీస్తూనే ఉన్నాను. నవ్వు ఆగక గీతలన్నీ పాడయ్యాయి.

ఆ తర్వాతి మంగళవారం కంపెనీ మేడం ఫోను చేసింది. "పేర్లు చూడకుండానే ఎవరెవరో చెప్పగలిగాం. మొదలుపెట్టండి" అంది. రమణ నన్ను ఎత్తుకున్నంత పనిచేసి, చటుక్కున ఆగి, కిందికి పరుగెత్తి చాచాను ఎత్తుకున్నాడు. చాచా మోకాలు ఇంకా మానలేదు. తిట్టాడు.

మొదటి భాగం తయారయ్యాక ఆయనకు మా గదిలోనే చూపించాం. తెర మీద టైలరు తాత పదిసార్లూ రబ్బరు బంతిలాగా గాలిలోకి ఎగిరాడు. మాకు చాలా గొప్పగా అనిపించింది.

చాచా ముక్కుతో ఊఁ అన్నాడు.

"నేను అట్ల ఎగిరినానా? ఏడోదానికి మోకాలు పట్టేసింది కదా. మీరిద్దరూ కిటికీలో పండ్లికిలిస్తాంటిరి, చూడలేదా? నిజం గీయండి."

మళ్ళీ గీశాం. ఏడోసారి తాత మోకాలు పట్టుకుని ఆగిపోతాడు. ఆ ఆగడానికే రమణ నాలుగు రోజులు కూర్చున్నాడు.

చివర్లో పేర్లు వేసేటప్పుడు ఆయన పేరు కూడా వేస్తామన్నాం. ససేమిరా అన్నాడు. "టైలరు పేరు యాడ ఉండల్ల? కాలరు లోపల, మెడకు ఆనుకోని, చిన్న పట్టీ మీద. ఏసుకున్నోనికి తెలిస్తే చాలు. పైన రాసుకుంటే అంగడి బోర్డు అవుతాది." ఆయన బతికుండగా ఆ మాట దాటలేదు, ఇప్పుడూ దాటను.

సీరియల్ బయటికి రాకముందే ఆ పాప చదివే బడిలో ఒక మధ్యాహ్నం వేసి చూపించాం. కిటికీలకు దుప్పట్లు కట్టి హాలంతా చీకటి చేశాం. చాచా ఇస్త్రీ చేసిన తెల్ల లాల్చీలో వచ్చి ముందర గోడవారగా నా పక్కన కూర్చున్నాడు. సినిమా మొదలైతే తెర వైపు చూడడే! కుర్చీ పక్కకు తిప్పుకుని పిల్లల మొహాలే చూస్తున్నాడు. కాలరు నమిలేవాడు కనబడగానే మూడో వరసలో ఎవరో తన కాలరు చటుక్కున వదిలేశాడని నన్ను మోచేత్తో పొడిచి చూపించాడు.

తాత ఎగరడం వచ్చింది. పిల్లలు విరగబడి నవ్వారు. ఏడోసారి తాత మోకాలు పట్టుకుని ఆగిపోయాడు. మొదటి వరసలోంచి ఆ పాపే లేచి, బెంచీ ఎక్కి, రెండు చేతులూ పైకెత్తి తెర మీది తాత మీద అరిచింది.

"ఇంకా మూడుండాయి తాతా! ఎగురు!"

హాలు మొత్తం అందుకుంది. ఎనిమిది! తొమ్మిది! నేను చాచా వైపు తిరిగాను. ఆయన ఇప్పుడు తెర వైపే చూస్తున్నాడు. ఒక్కొక్క లెక్కకూ, తనకు తెలియకుండానే, కూర్చున్న చోటే రెండు మడమలూ నేల మీదనుంచి లేపుతున్నాడు.